ఇంజను పని: మన చేతనా, మెకానిక్ చేతనా?

పాత కారు ఒకటి చేతికి రాగానే యువకుని మనస్సులో కలిగే మొదటి కోరిక దానిని బాగుచేయాలని కాదు, దాని వేగం పెంచాలని. ఇంజను శక్తి ఎట్లా పెరుగుతుంది, దానికి ఎంత ఖర్చవుతుంది అనే విచారణ ఆరంభమైన వెంటనే రెండవ ప్రశ్న ఎదురవుతుంది. ఈ పని డబ్బిచ్చి కార్ఖానాలో చేయించాలా, లేక పానాలు కొనుక్కొని మనమే చేసుకోవాలా? చూడడానికి ఇది స్వల్ప విషయం. కాని ఇందులో మన ధనం, మన ప్రాణం, మన విద్య మూడూ ముడిపడి ఉన్నవి. కనుక ఈ సంచికలో దీనిని చర్చించడం అప్రస్తుతం కాదని భావిస్తున్నాను.

ఈ విషయంలో మన మధ్య రెండు వాదాలు వినవస్తున్నవి. నాలుగు పానాలు, ఒక జాకీ ఉంటే చాలు, మెకానిక్‌కు రూపాయి ఇవ్వనక్కరలేదని కొందరు సాహసవంతుల వాదం. చదువుకున్నవాడు చేతికి మసి అంటించుకోవడం దేనికి, డబ్బు పారవేస్తే పని అదే అవుతుందని కొందరు మర్యాదస్థుల వాదం. నా దృష్టిలో ఈ రెండూ దోషభూయిష్ఠాలే. మొదటివాడు యంత్రాన్ని తక్కువగా అంచనా వేస్తున్నాడు. రెండవవాడు పనిని, పనివానిని తక్కువగా అంచనా వేస్తున్నాడు.

ముందుగా ఇంజను శక్తి పెంచడమంటే ఏమిటో తెలుసుకోవాలి. పెట్రోలు ఇంజను గాలిని, ఇంధనాన్ని కలిపి మండించే యంత్రం. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. కనుక శక్తి పెరగాలంటే సిలిండరులోనికి ఎక్కువ గాలి పోవాలి, లేదా పోయిన గాలి ఎక్కువగా నొక్కబడాలి. పెద్ద కార్బురేటరు, కొత్త క్యాంషాఫ్టు, సిలిండరు బోరింగు, హెడ్డు చెక్కించడం, టర్బో అమర్చడం ఇవన్నీ ఈ ఒక్క సూత్రానికి భిన్నరూపాలు.

మనకు చిరపరిచితమైన మారుతి 800ను ఉదాహరణగా తీసుకుందాం. 1983 డిసెంబరులో మొదలై 2014లో తయారీ ఆగిపోయిన ఆ కారు ఇంజనులో మూడు సిలిండర్లు ఉన్నవి. ఒక్కొక్కదాని వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, పిస్టను నడక 72 మిల్లీమీటర్లు, మొత్తం పరిమాణం 796 ఘన సెంటీమీటర్లు. అరిగిన సిలిండర్లను అర మిల్లీమీటరు బోరింగు చేయిస్తే పరిమాణం సుమారు 808 అవుతుంది. అంటే పెరిగినది నూటికి ఒకటిన్నర వంతు మాత్రమే! బోరింగు అరుగుదలకు చికిత్సే గాని వేగానికి మంత్రం కాదని ఈ చిన్న లెక్కే చెబుతున్నది. అదే అర మిల్లీమీటరును హెడ్డులో చెక్కిస్తే కథ మారుతుంది. నొక్కుడు నిష్పత్తి 9 అనుకుంటే పిస్టను పైనుండే గది 33 ఘన సెంటీమీటర్లు; చెక్కిన తరువాత అది ఒకటిన్నర, రెండు ఘన సెంటీమీటర్ల మేర తగ్గి నిష్పత్తి తొమ్మిదిన్నరకు సమీపిస్తుంది. శక్తి కొంత పెరగవచ్చు. సాధారణ పెట్రోలుతో ఇంజను నాకింగు చేసి పిస్టనులే పాడైపోనూ వచ్చు. చెక్కిన లోహాన్ని తిరిగి అతికించడం ఎవరి తరమూ కాదు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. కొన్నేళ్ళ క్రితం మా పాత కారు హెడ్డును నేనే విప్పి, కొత్త గాస్కెట్టు వేసి బిగించాను. హెడ్డు బోల్టులు మధ్య నుండి బయటికి, వరుస క్రమంలో, విడతలు విడతలుగా బిగించాలని పుస్తకంలో చదివాను. ఆ ప్రకారమే చేశాను. అయితే టార్కు రెంచి కొనడానికి మనసొప్పక, చేతి బలంతో అంచనా వేశాను. జహీరాబాదు దారిలో గాస్కెట్టు పోయింది. నూనెలో నీరు కలిసి పాలవలె తెల్లబడింది. బండిని లాగించుకొని వచ్చిన ఖర్చుతో ఆ రెంచి సులభంగా కొనగలిగేవాణ్ణి. దానిని బాగుచేసిన ముసలి ఉస్తాద్ నన్ను తప్పుపట్టలేదు. "సార్, చెయ్యి అబద్ధం చెబుతుంది, గేజి చెప్పదు" అన్నాడు. అంతే.

అయితే డబ్బిచ్చినంత మాత్రాన నిశ్చింత అనుకోవడమూ పొరపాటే. అంతకు ముందొకసారి వేరొక కార్ఖానాలో అదే ఇంజనుకు బోరింగుకని, కొత్త పిస్టనులకని సొమ్ము చెల్లించాను. హెడ్డు విప్పిన రోజున పిస్టను తలపై మసి గీకి చూస్తే, పెద్ద పరిమాణపు పిస్టనుపై సాధారణంగా ఉండే అంకె ఎక్కడా కనిపించలేదు. పాత పిస్టనులకే రింగులు మార్చి పంపారన్నమాట. ఆనాడు నేను ఆ అంకెను చూపించమని అడిగి ఉంటే ఈ మోసం జరిగేది కాదు. అడగాలని నాకు తెలియదు. తెలియనివాడు స్వయంగా చేసినా నష్టపోతాడు, ఇతరులచేత చేయించినా నష్టపోతాడు.

కాబట్టి ప్రతి పనికి ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలని నా సూచన. ఒకటి, ఈ పని చెడితే తిరిగి మొదటి స్థితికి తేగలనా? రెండు, దీనికి కావలసినది కేవలం పానాయా, లేక కొలత సాధనమా? కొలత సాధనమైతే అది నా వద్ద ఉన్నదా? మూడు, నేను పొరబడితే నష్టపోయేది నా జేబా, లేక దారిన పోయేవారి ప్రాణమా?

ఈ మూడింటి వెలుగులో పనులు వాటంతట అవే విడిపోతవి. నూనె, వడపోత గుడ్డలు, ప్లగ్గులు, బెల్టులు, రబ్బరు గొట్టాలు మార్చడం, కార్బురేటరు శుభ్రం చేయడం, ఫీలరు గేజితో టాపెట్లు సరిచూడడం, కంప్రెషను గేజితో ఒక్కొక్క సిలిండరు ఒత్తిడి కొలవడం విద్యార్థి నిస్సంకోచంగా నేర్చుకొని చేయదగిన పనులు. బోరింగు, క్రాంకుషాఫ్టు గ్రైండింగు, హెడ్డు చెక్కడం, వాల్వు సీట్లు కోయడం లేతు యంత్రాలున్న చోటనే జరగాలి. మన చేతితో సాధ్యం కావు. గ్యాసు కిట్టు అమర్చడం, కంప్యూటరు నియంత్రణ గల ఇంజనుల లెక్కలు మార్చడం అర్హత గలవారికే వదలాలి. ఇక బ్రేకులు అరిగి, టైర్లు నున్నబడిన కారుకు శక్తి పెంచడమంటే తా దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్లే!

స్వయంగా పని చేసేవారు కొన్ని జాగ్రత్తలు మరువరాదు. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు క్రిందికి ఎన్నడూ దూరరాదు, స్టాండ్లు తప్పనిసరి. మూసిన గదిలో ఇంజను నడపరాదు; కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, దయ లేదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది గనుక నేలబారుగా పాకి దూరాన ఉన్న నిప్పునూ అందుకుంటుంది.

కాలం తెచ్చిన మార్పును కూడా గమనించాలి. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో నూటికి 20 పాళ్ళ ఇథనాలు కలపడం జరిగింది. ఇథనాలుకు పెట్రోలుకంటె తక్కువ గాలి చాలు. కొత్త ఇంజను సెన్సరు సాయంతో ఆ తేడాను తానే సరిదిద్దుకుంటుంది. కార్బురేటరుకు ఆ తెలివి లేదు. పాత రబ్బరు భాగాలు కూడా ఇథనాలుకు తట్టుకోకపోవచ్చు. కనుక నేడు పాత కారు యజమాని చేయదగిన మొదటి మెరుగుదల టర్బో కాదు, మంచి గొట్టాలు, సరియైన జెట్టు. ఇందులో గొట్టాల పని మనమే చేసుకోవచ్చు. జెట్టు ఎంపిక తెలిసినవాని సలహాతో జరగాలి.

చట్టం సంగతి వేరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అదే సంవత్సరపు సవరణ అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు ఖైదు గాని, రెండూ గాని విధించవచ్చునన్నది. ఇంజను మార్పిడికి గాని, ఆమోదించిన గ్యాసు కిట్టుకు గాని రిజిస్ట్రేషను పత్రంలో నమోదు అవసరం. ఈ బాధ్యత మెకానిక్‌ది కాదు, యజమానిది. డబ్బిచ్చి చేయించినా ఇది మన తలమీదనే ఉంటుంది.

ఇంతవరకు చెప్పినది జేబుకు సంబంధించిన విచారణ. నన్ను ఎక్కువగా కలతపెట్టేది మరొకటి. మన ఇళ్ళలో ఎందరి తండ్రులో, మేనమామలో మోటారు పనిచేసి పిల్లలను కళాశాలకు పంపారు. ఆ పిల్లలే నేడు తండ్రి చేతి మసిని చూచి సిగ్గుపడడం నేను ఎరుగుదును. ఇది మన సంప్రదాయం కాదు. అల్ జజరీ అర్తుఖీ రాజుల ఆస్థానంలో స్వయంగా యంత్రాలు నిర్మించిన శిల్పి. 1206లో పూర్తిచేసిన తన గ్రంథంలో ఆయన రెండు సిలిండర్ల నీటి పంపును చిత్రసహితంగా వర్ణించాడు. ఆయనకు చేతిపని విద్యకు లోటు కాలేదు. మన భాషలు రెండూ కార్ఖానాలో ఏనాడో కలిసిపోయినవి. మరమ్మతు, కార్ఖానా అనే మాటలు ఉర్దూ ద్వారా తెలుగులో స్థిరపడినవి. మిస్త్రీ అనే మాటకు మూలం పోర్చుగీసు అంటారు. బెజవాడ ఆటోనగరులోనైనా, సికింద్రాబాదు రాణీగంజు విడిభాగాల అంగళ్ళలోనైనా ఈ మాటలకు అనువాదం అవసరం లేదు.

అందుచేత, స్వయంగానా, కార్ఖానాలోనా అనే ప్రశ్నకు మూడవ సమాధానం ఒకటున్నది: ఉస్తాద్ పక్కన నిలబడి నేర్చుకోవడం. పని అతనిచేత చేయించండి, కూలి పూర్తిగా చెల్లించండి; కాని కొలతలు మీరు వ్రాసుకోండి, తీసిన భాగాలు అడిగి తీసుకోండి, ప్రతిదానికి కారణం వినయంగా అడగండి. మంచి పనివాడు అడిగినవానిని విసుక్కోడు. విసుక్కునేవాని వద్ద బండి ఉంచకండి.

కళాశాల కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. భౌతికశాస్త్ర ప్రయోగశాల ప్రక్కన ఒక గదిలో పాత ఇంజను ఒకటి, టార్కు రెంచి, ఫీలరు గేజి, కంప్రెషను గేజి, మైక్రోమీటరు ఉంచి, వారానికొక సాయంత్రం ఒక అనుభవజ్ఞుడైన మెకానిక్‌ను తగిన గౌరవవేతనంతో ఆహ్వానించవలసింది. దానికయ్యే వ్యయం ఒక వార్షికోత్సవపు షామియానా ఖర్చును మించదని నా నమ్మకం. ఆ గదిలో మన విద్యార్థి తండ్రి ఎవరైనా ఉస్తాద్‌గా నిలిచి, అధ్యాపకులమైన మేము కూడా శిష్యులుగా కూర్చున్న రోజున, మసి అంటిన చేతిని చూచి సిగ్గుపడే విద్యార్థి మన కళాశాలలో ఉండడు.