సైలెన్సర్ పీకేసి చిమ్నీని తిడదామా?



"బీఎస్6 వచ్చాక బుల్లెట్‌లో ఆ దమ్ము లేదన్నా" అని మొన్న మీటింగ్‌లో ఓ తమ్ముడు వాపోయాడు. అబద్ధమేం కాదు. 2020 ఏప్రిల్ నిబంధనలతో 500 సీసీ బుల్లెట్లే ఆగిపోయాయి. యూరప్‌లో స్పోర్ట్స్ కార్లు కొన్నవాళ్లదీ ఇదే ఏడుపు: పెట్రోల్ ఇంజన్‌కు మసి పట్టే ఫిల్టర్ పెట్టగానే గర్జన మెత్తబడింది.

మరి మనమేం చేస్తున్నాం? లక్షలు పోసి కొన్న మర్నాడే కంపెనీ సైలెన్సర్ పీకి బజారు పైపు బిగిస్తున్నాం. దాంతోపాటు విషవాయువులను విరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా చాలాసార్లు పోతుంది. మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారికే పదివేల దాకా జరిమానా. మూడు నెలలు లైసెన్స్ ఉండదు.

"పక్కన 2,920 మెగావాట్ల థర్మల్ స్టేషన్ ఉంటే నా పైపే కనబడిందా?" అంటారు. ప్రశ్న న్యాయమైనదే. 2009లో కేంద్ర కాలుష్య మండలి సూచీలో చంద్రపూర్ 83.88తో దేశంలో నాలుగోది. 2015లో థర్మల్ ప్లాంట్లకు గంధకపు వాయువు పరిమితి పెట్టారు. గడువులు పొడిగిస్తూ పోయి, 2025లో చాలా ప్లాంట్లను వదిలేశారు. బండి కొనేవాడు మాత్రం శుద్ధి సామాను ఖరీదు జేబులోంచి కడుతూనే ఉన్నాడు.

దీని మీద గట్టిగా అడగాల్సిందే. కానీ చెవులు పగిలే పైపుతో కలెక్టరేట్‌కు పోయి చిమ్నీ మీద అర్జీ ఇస్తే ఎవరు వింటారు? గల్లీలో ఆయాసపడే పెద్దమ్మకు రెండు పొగలూ ఒకటే.

పాత సైలెన్సర్ మళ్లీ బిగించండి తమ్ముళ్లూ. అర్జీ మీద మొదటి సంతకం నాది.