కరెంటు తీసే ముందు నోటీసు ఏదీ?

బకాయి ఉందంటూ మా బస్తీలో ఒక వితంతువు ఇంటికి కరెంటు తీసేశారు. పిల్లల పరీక్షల రోజులు. నోటీసు ఏదని అడిగితే సిబ్బంది వద్ద సమాధానం లేదు.

2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం 15 రోజుల లిఖితపూర్వక నోటీసు లేనిదే సరఫరా నిలిపివేయరాదు. బిల్లు తప్పని తోస్తే, అభ్యంతరం తెలుపుతూ అడిగిన మొత్తమో, గత ఆరు నెలల సగటు ప్రకారం లెక్కగట్టిన చార్జీలో, ఏది తక్కువైతే అది చెల్లించవచ్చు. వివాదం తేలేవరకు కరెంటు తీయకూడదు.

గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, నోటిమాట ఫైలెక్కదని ఎరుగుదును. ఫిర్యాదు రాసివ్వండి, రశీదు తీసుకోండి. అక్కడ తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

తెలంగాణలో 2017 నుంచి ఉర్దూ రెండవ అధికార భాష. ఈ నోటీసులు ఉర్దూలోనూ ఇవ్వాలని డిస్కంలను మనమే అడగాలి.