కొంగున లేని తాళంచెవి

మన నానమ్మల కాలంలో ఒక ఇంట్లో పెత్తనం ఎవరిదో తెలుసుకోవడానికి పెద్దగా ఆరా తీయాల్సిన పనుండేది కాదు. తాళంచెవుల గుత్తి ఎవరి కొంగున ఉందో చూస్తే సరిపోయేది. బియ్యం గది, బీరువా, వీధి తలుపు... అన్నిటి తాళాలూ అందులోనే. ఆ గుత్తి తన చేతికొచ్చేసరికి కొత్తకోడలు కాస్తా పాతకోడలయ్యేది.

ఇవాళ బీరువాకు తాళం వేసినా వేయకపోయినా, ఇంటిల్లిపాదీ పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా తెరుస్తూ ఉండే తలుపు మరొకటి వచ్చింది. హాల్లో టీవీ పక్కన లైట్లు మిణుకుమిణుకుమంటూ కూర్చునే వైఫై రూటర్. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందని తెలిసిన ఆడవాళ్లను అడిగి చూశాను. "ఆయనకు తెలుసు", "మా అబ్బాయి చూసుకుంటాడు", "కనెక్షన్ ఇచ్చినతను ఏదో పెట్టి వెళ్లాడు"... దాదాపు ఇవే జవాబులు. అందులో ఒకావిడ ఎమ్మెస్సీ చదివింది!

చిత్రమేమిటంటే, తాళం మన దగ్గర లేకపోయినా కాపలా మాత్రం మనదే. పిల్ల రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూస్తే "తల్లి ఏం చేస్తోంది?" అంటారు. పిల్లవాడు చూడకూడనిది చూస్తే "తల్లికి పట్టింపు లేదు" అంటారు. రూటర్ పెట్టించిన తండ్రిని ఆ మాట అడిగేవాళ్లు అరుదు. పెత్తనం ఒకరిది, మాట పడేది ఇంకొకరు. ఇదేం న్యాయం?

ముందు చుట్టాల సంగతి చూద్దాం. మా గౌలిపురలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒకే ఇంట్లో ముందు పోర్షన్‌లో ఓనర్లు, వెనక పోర్షన్‌లో ఒకరు, మేడ మీద ఇంకొకరు. మాటలకే కాదు, వైఫైకీ గోడ అడ్డం రాదు. ఇక ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలంటే చుట్టాలు దిగని ఇల్లుంటుందా? వచ్చిన పిల్లలు మంచినీళ్లకంటే ముందు అడిగేది "పెద్దమ్మా, వైఫై పాస్‌వర్డ్ ఏంది?" అనే. ఇంటికొచ్చిన పసివాణ్ని లేదనలేం కదా. చెప్పేస్తాం. పండుగ అయిపోతుంది, చుట్టాలు వెళ్లిపోతారు. పాస్‌వర్డ్ మాత్రం వాళ్ల ఫోన్లలో ఉండిపోతుంది. అక్కడినుంచి దాన్ని ఇంకొకరికి అందించడం ఎంతసేపు? చాలా ఫోన్లలో ఓ చుక్కల బొమ్మ చూపిస్తే చాలు, అవతలి ఫోన్‌కి వెళ్లిపోతుంది.

పోతే పోనిద్దురూ, కాస్త నెట్టే కదా అంటారా? ఆ పాస్‌వర్డ్‌తో వచ్చినవాళ్లు మన టీవీ, గుమ్మం మీది కెమెరా, మనం బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్ ఉన్న చోటికే వస్తారు. చుట్టాన్ని హాల్లో కూర్చోబెట్టి బీరువా గది తలుపు తెరిచి ఉంచినట్టే. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ ఎక్కడిదని ఆరా తీస్తే, నవీ ముంబయిలోని ఒక ఇంటి వైఫై బయటపడింది. ఆ ఇంట్లో ఉన్న విదేశీయుడికి పేలుళ్లతో ఏ సంబంధమూ లేదు. తాళం లేని అతని వైఫైని వేరెవరో వాడుకున్నారు. అయినా పోలీసులు ముందు తలుపు తట్టింది ఆయన ఇంటినే. నెట్ ఎవరి పేరున ఉంటే మొదటి ప్రశ్న వాళ్లకే.

అలాగని చుట్టాలకు మొహం చాటేయనక్కర్లేదు. ఈమధ్య వచ్చే రూటర్లలో చాలావాటికి "గెస్ట్ నెట్‌వర్క్" అని ఒక సదుపాయం ఉంటుంది. ఆ ఒక్క పెట్టెలోంచే రెండో పేరుతో, రెండో పాస్‌వర్డ్‌తో ఇంకో వైఫై వస్తుంది. దాంట్లో ఉన్నవాళ్లు నెట్ చూసుకోగలరు గానీ మన ఇంటి సామాను జోలికి రాలేరు. అలా రాకుండా ఆపే గడి కొన్ని రూటర్లలో మనమే టిక్కు పెట్టాలి. అది చూసుకోండి. బోనాలవ్వగానే ఆ రెండో పాస్‌వర్డ్ మార్చేస్తే సరి. వీధరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి మాట్లాడే అలవాటు మనకు కొత్తదా? చుట్టానికి మర్యాదా దక్కింది, ఇంటికి గుట్టూ దక్కింది.

ఇక పిల్లల సంగతి. ఇక్కడే మనకు తెలియాల్సిన చిన్న కిటుకు ఉంది. వైఫైకి పాస్‌వర్డులు రెండు. ఒకటి ఫోన్‌లో కొట్టి నెట్ చూసుకునేది. రెండోది రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లేది. దాన్ని అడ్మిన్ పాస్‌వర్డ్ అంటారు. అసలు తాళం అదే. రూటర్ అడుగున అంటించిన కాగితం మీద సాధారణంగా అచ్చువేసే ఉంటుంది. మనం దాన్ని మార్చకపోతే ఎనిమిదో తరగతి పిల్లవాడు రూటర్ తిరగేసి చూసి, మనం పెట్టిన కట్టుబాట్లన్నీ తీసేసి, మళ్లీ బుద్ధిమంతుడిలా హోంవర్కు ముందు కూర్చోగలడు!

ఆ తాళం తీస్తే లోపల "పేరెంటల్ కంట్రోల్" ఉంటుంది. ఏ ఫోన్‌కి ఏ వేళకి నెట్ ఆగాలో, ఏ సైట్లు రాకూడదో అక్కడ చెప్పొచ్చు. అసభ్యమైన సైట్లు ఇంటికే రాకుండా వడకట్టే ఉచిత ఏర్పాట్లూ ఉన్నాయి. క్లౌడ్‌ఫ్లేర్ అనే సంస్థ 2020 ఏప్రిల్‌లో అలాంటిది తెచ్చింది. రూటర్‌లో డిఎన్ఎస్ అన్న చోట 1.1.1.3 అని, రెండో గడిలో 1.0.0.3 అని వేస్తే చాలు. పైసా ఖర్చు లేదు.

అయితే ఇదే సర్వరోగ నివారిణి అనుకుంటే పొరపాటే. వడకట్టే గుడ్డ సైట్‌ని ఆపుతుంది గానీ యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఏ వీడియో మంచిదో ఏది కాదో దానికి తెలీదు. ఇప్పటి ఫోన్లు రూటర్‌కి తమ అసలు నంబరు బదులు మారునంబరు చెబుతాయి. పిల్లవాడు ఆ సెట్టింగు ఒకటి అటూ ఇటూ మారిస్తే రూటర్ దాన్ని కొత్త ఫోన్ అనుకుంటుంది. మనం పెట్టిన టైము కాస్తా గాలికి పోతుంది. అంతదాకా ఎందుకు, వైఫై ఆపి సిమ్‌లోని డేటా ఆన్ చేసుకుంటే మన రూటర్‌కి ఇక అతనితో సంబంధమే లేదు. కంచె కావాలి, కాదనను. కానీ పిల్లలు కంచె దూకే వయసుకు వచ్చేలోగా మనతో మాట్లాడే అలవాటు రావాలి. ఏదైనా భయపెట్టేది కనబడితే "అమ్మా, ఇది చూడు" అని మన దగ్గరికి వచ్చే చనువు ఏ సెట్టింగులోనూ దొరకదు. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి పదహారేళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని చట్టమే అమల్లోకి తెచ్చింది. ప్రభుత్వం వీధి చివర గేటు పెట్టగలదు. మన వంటింట్లోకొచ్చి మన పిల్లతో కబుర్లు చెప్పలేదు కదా.

ఇదంతా ఒకెత్తు, నన్ను ఈ నాలుగు మాటలు రాయించిన సంగతి ఇంకొకెత్తు. తాళం ఉన్నవాళ్లు దాన్ని ఎవరి మీద వేస్తున్నారన్నది.

నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇంటర్ చదివే అమ్మాయి ఫోన్‌కి రాత్రి తొమ్మిదికి నెట్ ఆగిపోతుంది. డిగ్రీ ఫెయిలైన అన్న ఫోన్‌కి తెల్లవార్లూ ఆగదు. అదేమంటే "ఆడపిల్ల కదా" అన్నారు. ఆ పిల్ల ఫిజిక్సు పాఠాలు వినేది యూట్యూబ్‌లోనే! నెట్‌లో ఉన్న చెడు ఆడపిల్ల ఫోన్‌కి ఒక్కదానికే వస్తుందా? మగపిల్లవాడికి ఏమీ అంటదా? చూడకూడనివి చూసి, ఆడవాళ్లంటే ఇంతేననుకుని పెరిగే మగపిల్లవాడివల్ల రేపు ఇబ్బంది పడేది ఎవరి ఆడపిల్ల?

ఇలాంటి సంగతే కేరళ హైకోర్టు దాకా వెళ్లింది. కోళికోడ్ జిల్లాలోని ఒక కాలేజీ ఆడపిల్లల హాస్టల్‌లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్ వాడకూడదన్నారు. కాదన్న అమ్మాయిని హాస్టల్ నుంచి పంపించేశారు. ఆమె ఊరుకోలేదు. 2019 సెప్టెంబర్‌లో కోర్టు ఆమెను తిరిగి చేర్చుకోమంది. నెట్ వాడుకునే హక్కు చదువుకునే హక్కులో, ఎవరి గుట్టు వారికుండే హక్కులో భాగమంది. హాస్టల్‌కి చెప్పిన మాట ఇంటికి వర్తించదా?

అంతకంటే బాధనిపించింది మా పక్క సందులో కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి మాట. "అక్కా, పది కాంగనే నా ఫోన్‌ల నెట్ బందైతది. అందరిదీ గట్లనే అనుకున్న. మా ఆయనది మాత్రం నడుస్తనే ఉంటది" అంది. ఇంట్ల వైఫై ఉండంగ ఇంక ప్యాక్ ఎందుకని ఆమె సిమ్‌కి డేటా వేయించరట. గిన్నెలు కడుక్కుని, పక్కలు వేసి, వాళ్లమ్మతో వీడియోలో మాట్లాడదామనుకునే వేళకి ఆమెకు నెట్ ఉండదు. ఆ అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. మన దేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా పద్దెనిమిది నిండనివాళ్లనే పిల్లలంది. మరి ఇరవై నాలుగేళ్ల కోడలికి పేరెంటల్ కంట్రోల్ ఏమిటి? ఎవరికి ఎవరు పేరెంటు? చేత్తో తలుపు గడియ వేస్తే నలుగురూ చూస్తారు, అడుగుతారు. ఈ గడియ కంటికి కనబడదు. కోడలికి కూడా "నెట్ సరిగ్గా రావట్లేదు కాబోలు" అనిపిస్తుంది. అందుకే ఇది మరీ ప్రమాదం.

"ఈ సెట్టింగులూ గిట్టింగులూ మనకెందుకమ్మా" అనే అక్కచెల్లెళ్లకు ఒకటే మాట. గ్యాస్ సిలిండర్‌కి రెగ్యులేటర్ బిగించడం మనకు ఎవరు నేర్పారు? ఫోన్‌తో కూరగాయల బండి దగ్గర డబ్బులు కట్టడం ఎవరు నేర్పారు? అవసరం నేర్పింది. ఇదీ అంతే. ఓ గంట కూర్చుంటే వస్తుంది. రాకపోతే కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మా ఇంట్లో రెండు పాస్‌వర్డులూ గ్యాస్ పుస్తకం పెట్టే డైరీలో రాసి ఉన్నాయి. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. రాత్రి పది దాటాక ఫోన్లన్నీ హాల్లో చార్జింగ్‌కి పెట్టాలన్నది నియమం. అందులో కొడుకు ఫోన్ ఉంది, కూతురు ఫోన్ ఉంది, వాళ్ల నాన్నది ఉంది, కథలు రాసుకునే నా ఫోనూ ఉంది. పరీక్షలప్పుడు ఎవరికి ఎంతసేపు ఎక్కువ కావాలో నలుగురం కూర్చుని అనుకుంటాం. పెద్దవాళ్లు పాటించని నియమం పిల్లలకు శిక్షలాగే కనిపిస్తుంది మరి.

రేపు ఇల్లు తుడిచేటప్పుడు ఆ రూటర్‌ని కూడా ఒకసారి తిరగేసి చూడండి. అడుగున ఏం రాసుందో చదవండి. ఆ పాస్‌వర్డ్ ఎవరు మార్చారో, ఎవరి ఫోన్‌కి ఏ టైము పెట్టారో మొహమాటపడకుండా అడగండి. "నీకెందుకు?" అన్న జవాబొస్తే, అడగాల్సిన ప్రశ్నలు ఇంకా చాలా ఉన్నట్టే. ఏమంటారు?