ఆ గంట ఎవరిది?

“ఆడవాళ్ళకు భూదేవంత ఓర్పు” అని మెచ్చుకోవడం మనవాళ్ళకు అలవాటు. ఆ ఓర్పును ఎవరి కోసం వాడాలో కూడా వాళ్ళే చెప్పేస్తారు. అత్తమామల మందులకీ, పిల్లల పరీక్షలకీ, ఆయనగారి చికాకులకీ సర్దగా మిగిలిన కాస్త ఓపికతో “ఓ గంట నడిచొస్తాను” అంటే మాత్రం, “ఇప్పుడది అంత అవసరమా?” అంటారు.

అయినా వెళ్ళేవాళ్ళు వెళ్తూనే ఉన్నారు. మా ద్రాక్షారామంలో తెల్లవారకముందే కాలవగట్టు పట్టే ఆడవాళ్ళున్నారు. భీమేశ్వరస్వామి గుడి చుట్టూ లెక్కపెట్టుకుని మరీ ప్రదక్షిణలు చేసేవాళ్ళున్నారు. కాకినాడ, రాజమండ్రి లాంటి ఊళ్ళలో బూట్లు కట్టుకుని పరుగుపందేలకు తయారయ్యేవాళ్ళూ ఉన్నారు. వీళ్ళనెవరూ క్రీడాకారిణులు అనరు. కానీ వేగాన్ని కాక నిలకడను నమ్ముకుని, రోజురోజుకీ దమ్ము పెంచుకోవడం కూడా ఆటే కదా!

రోజులు బాగున్నప్పుడు ఇదంతా సాఫీగానే సాగుతుంది. కష్టకాలం వస్తేనే అసలు పరీక్ష. 2020 మార్చిలో కరోనా వచ్చి గుళ్ళు, పార్కులు, మైదానాలు అన్నీ మూతపడ్డాయి. టోక్యో ఒలింపిక్సే ఏడాది వెనక్కి వెళ్ళాయి. ఇంట్లో అందరూ ఇంట్లోనే. మూడు పూటలా వంట, నాలుగోసారి కాఫీలు. ఆ హడావిడిలో అందరికన్నా ముందు పోయింది ఇల్లాలి గంట. పోయిందని ఎవరూ గమనించను కూడా లేదు.

కరోనా తగ్గింది గానీ రేపేమిటో తెలియని రోజులు తగ్గాయా? 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. 2025లో అమెరికా సుంకాలు పెంచితే రొయ్యల చెరువులవాళ్ళ గుండెల్లో రాయి పడింది. కారణం ఏదైనా, ఖర్చులో కోత చీరతో మొదలైనట్టు, సమయంలో కోత మన గంటతోనే మొదలవుతుంది.

ఇక్కడ మన పక్క ఊరి ఆడపడుచును తలుచుకోవాలి. ద్రాక్షారామంలాగే సామర్లకోటా పంచారామ క్షేత్రమే. ఆ ఊరి బిడ్డ గోలి శ్యామల. హైదరాబాద్‌లో స్థిరపడి యానిమేషన్ రంగంలో పనిచేసిన ఆమె నలభై దాటాకే ఈత నేర్చుకున్నారు. 2020లో ఈతకొలనులు కూడా మూతపడ్డాయన్నది గుర్తుంచుకోండి. ఆ మరుసటి ఏడే, 2021 మార్చిలో, శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి మన ధనుష్కోడి దాకా దాదాపు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదేశారు. 2024 డిసెంబరు చివర్లో విశాఖలో సముద్రంలోకి దిగి, రోజుకింత చొప్పున ఈదుకుంటూ 2025 జనవరి మొదట్లో కాకినాడ చేరారు. సుమారు 150 కిలోమీటర్లు! అప్పటికి ఆమెకు యాభై దాటాయి.

మనమందరం సముద్రం ఈదాలని కాదు. “రోజుకింత” అన్న మాట ఉందే, అది పట్టుకోవాలి. 150 కిలోమీటర్లనీ ఒక్కసారి తలుచుకుంటే ఎవరికైనా కాళ్ళు వణుకుతాయి. ఈ పూట వంతు ఎంతో అంతే చూసుకుంటే అడుగు పడుతుంది.

ఆడవాళ్ళ దమ్ము మీద అపనమ్మకం మన ఇళ్ళలోనే పుట్టలేదు లెండి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరిగెత్తి కొందరు స్త్రీలు సొమ్మసిల్లారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. దాంతో ఆ పందెం 1960 దాకా మళ్ళీ పెట్టలేదు. ఆడవాళ్ళ మారథాన్ 1984లో గానీ రాలేదు. అన్నేళ్ళూ అడ్డుపడింది ఆడవాళ్ళ కాళ్ళు కాదు, పెద్దమనుషుల సందేహాలు.

కాబట్టి పందెం తేదీ మీద ఆశ పెట్టుకుంటే, అది వాయిదా పడగానే మన ఉత్సాహమూ వాయిదా పడుతుంది. ఉత్సాహం వచ్చాక బయల్దేరుదాం అనుకుంటే అది ఎప్పటికీ రాదు. బయల్దేరితే దారిలో అదే కలుస్తుంది. గంట కుదరని రోజున పావుగంట చాలు. గుమ్మం దాటలేకపోతే డాబా మీదే నడవండి. పూర్తిగా మానేస్తే రెండు మూడు వారాల్లోనే దమ్ము తగ్గడం మొదలవుతుంది, కొంచెమైనా చేస్తుంటే చాలావరకు నిలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే రోజుకి అరగంట చొప్పున అయిదు రోజులు. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి, అదే సరైన వేగం. తోడు ఒకరుంటే మరీ మంచిది. మనకు బద్ధకం వేసినా ఆవిడ వీధిలో నిలబడి పిలుస్తుంది.

ఇంట్లోవాళ్ళకూ ఓ మాట. కష్టకాలంలో ఇంటిని మోసేది ఆవిడే అని మీరే అంటారు. మోసే మనిషికి ఊపిరి తీసుకునే వేళ ఉండొద్దూ? ఆ గంటలో పాలు మీరు కాయండి, పిల్లల డబ్బాలు మీరు సర్దండి. అదేదో ఆవిడకు చేసే ఉపకారం అనుకోకండి, మీ ఇల్లు నిలబడడానికే.

ఇక మీరు, అమ్మా! ఓర్పు మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇన్నాళ్ళూ అందరి కోసం వాడిన దాంట్లోంచి రోజుకో గంట మీ కోసం తీసుకోండి. రోజులు బాగుపడ్డాక కాదు, రేపు పొద్దున్నే.