కొర్రపిండి, కొండతేనె

ఆముక్తమాల్యద కథాస్థలమైన శ్రీవిల్లిపుత్తూరు పక్కనున్న పడమటి కనుమల్లో పళియర్ గిరిజనులు కొండతేనె తీస్తారు. దిగువన విరుదునగర్, కోవిల్‌పట్టి నల్లరేగడి ఊళ్లలో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి, రచయిత కి. రాజనారాయణన్ పుట్టిన ఇడైసెవల్ అక్కడిదే. ఆ సీమలో తీపి అంటే ముందు బెల్లమే. కోవిల్‌పట్టి పల్లీపట్టికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అంగళ్లలో అమ్మే ‘తేన్ మిఠాయి’ పేరుకే తేనె, లోపలిది చాలావరకు పంచదార పాకం.

అసలు తేనె రుచి మురుగన్‌కు నివేదించే కొర్రపిండిలో తెలుస్తుంది. ఈ సంచిక వంటల్లో మొదటిది అదే. కొర్రబియ్యాన్ని కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, మెత్తగా విసిరి, యాలకుల పొడి, కరిగిన నెయ్యి కలుపుతారు. పిండి గోరువెచ్చగా అయ్యాకే తేనె పోసి ఉండలు చుడతారు. పొయ్యి మీదుండగా పోస్తే పరిమళం ఎగిరిపోతుంది. తేనె గడ్డకడితే కల్తీ అనుకోనక్కర్లేదు. సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచితే మళ్లీ కరుగుతుంది.