అరవై రూపాయలే కదా!

"అరవై రూపాయలకు ఇంత లొల్లేందమ్మా?"

పోయిన నెలంతా మా ఇంట్లో ఇదే మాట. మొదట అత్తమ్మ అన్నది, తర్వాత మా ఆయన అన్నాడు. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసిన ఆడపడుచు కూడా అదే అన్నది. ఒక్క మా అమ్మాయే అనలేదు. ఎందుకంటే లొల్లికి కారణం ఆ పిల్లే.

మా మరిది పెళ్ళి బట్టల కోసం నల్గొండ నుంచి పొద్దున్నే బయలుదేరి హైదరాబాద్ వెళ్ళాం. చీరలన్నీ కొన్నాక పెళ్ళికొడుక్కి షర్టు ఒకటి మిగిలిందని దారిలో ఒక మాల్‌కు పోయాం. బండి కింద సెల్లార్‌లో పెట్టి, షర్టు కొని, బిల్లు కట్టి తిరిగి బండి దగ్గరికి వచ్చేసరికి యాభై నిమిషాలు. గేటు దగ్గర ఇరవై ఏళ్ళ పిల్లోడు చెయ్యి అడ్డం పెట్టి "అరవై" అన్నాడు.

"మేం ఇక్కడే కొన్నాం కదా బాబూ, బిల్లు కూడా ఉంది" అన్నాను.

"బిల్లుతో పని లేదక్కా. బండికే పైసలు."

వెనక నాలుగు కార్లు హారన్లు కొడుతున్నాయి. మా ఆయన నా వైపు ఒక చూపు చూసి, ఫోన్ తీసి స్కాన్ చేసి కట్టేశాడు. గేటు లేచింది. అయిపోయింది.

నిజానికి అక్కడితో అయిపోవాల్సిందే. చౌటుప్పల్ దాటాక మా అమ్మాయి వెనక సీట్లోంచి "అమ్మా, బిల్లుంటే పార్కింగ్ ఫ్రీ అంట, జీవో ఉంది" అన్నది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

ఆ జీవో సంగతి మీకూ చెప్తాను. తెలియనిది నా ఒక్కదానికే కాదని నా నమ్మకం. 2018 మార్చి 20న తెలంగాణ పురపాలక శాఖ 63వ నంబరు జీవో ఇచ్చింది. ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఉన్నది మూడే మెట్లు. మాల్, మల్టీప్లెక్సు లాంటి చోట మొదటి 30 నిమిషాలు ఎవరికైనా ఉచితం, ఏమీ కొనకపోయినా సరే. 30 నిమిషాలు దాటి గంట లోపల అయితే అక్కడ కొన్న బిల్లు ఏదైనా చూపిస్తే ఉచితం, అది ఎంతకైనా కావచ్చు. గంట దాటితే, మీ బిల్లో సినిమా టికెట్టో పార్కింగ్ రుసుము కంటే ఎక్కువ ఉంటే ఉచితం, లేకపోతే వాళ్ళు తీసుకోవచ్చు.

యాభై నిమిషాలు, చేతిలో బిల్లు. మేం రెండో మెట్టు మీద నిలబడి ఉన్నాం. ఒక్క పైసా కట్టక్కర్లేదు.

జీవో వచ్చిన తర్వాత కూడా వసూళ్ళు ఆగలేదని, హైదరాబాద్‌లో నగరపాలక సంస్థ వాళ్ళు కొన్ని మాల్స్‌కు జరిమానాలు కూడా వేశారని ఆ రాత్రే చదివాను. అంటే ఆ పిల్లోడికి రూలు తెలియకపోవచ్చు గానీ, అతన్ని అక్కడ నిలబెట్టినవాళ్ళకు తెలియదంటే నేను నమ్మను.

సరే, ఇప్పుడు మా ఇంట్లోవాళ్ళ వాదనలు ఒక్కొక్కటే చూద్దాం. మీ ఇంట్లోవాళ్ళు కూడా ఇవే అంటారు కాబట్టి జవాబులు దగ్గర పెట్టుకోండి.

మొదటిది: "అరవై రూపాయలే కదా." మనకు అరవయ్యే. కానీ రోజుకు వెయ్యి బండ్లు ఆ గేటు దాటుతాయనుకోండి. అందరూ "అరవయ్యే కదా" అనుకుంటే రోజుకు అరవై వేలు, నెలకు పద్దెనిమిది లక్షలు. మన "కదా"ల మీద పద్దెనిమిది లక్షల వ్యాపారం. ఇదే అరవై వేలు ఒకరి దగ్గరే తీసుకుంటే పోలీస్ స్టేషన్‌కు పోయేవాళ్ళం. వెయ్యి మంది దగ్గర అరవై చొప్పున తీసుకుంటే నవ్వుకుంటూ ఇంటికి పోతున్నాం.

రెండోది: "స్థలం వాళ్ళది, కట్టడానికి ఖర్చు కాలేదా?" ఇది మా ఆయన వాదన. న్యాయంగానే కనిపిస్తుంది. అయితే అంత పెద్ద భవనం కట్టాలంటే ఇంత పార్కింగ్ చూపించాలని అనుమతిలోనే షరతు ఉంటుంది. ఆ సెల్లార్‌ను ప్లాన్‌లో చూపిస్తేనే పైన అంతస్తులు లేస్తాయి. పైన షాపుల అద్దె రూపంలో ఒకసారి, కింద గేటు దగ్గర ఇంకోసారి, ఒకే స్థలానికి రెండుసార్లు వసూలా? ఏమీ కొనకుండా పొద్దంతా బండి అక్కడ పెట్టి వేరే పనికి పోయేవాళ్ళ దగ్గర తీసుకోవద్దని జీవో కూడా అనలేదు, నేనూ అనను. 2021 జూలైలో సింగిల్ స్క్రీన్ థియేటర్లకు పార్కింగ్ రుసుము తీసుకునే అనుమతి ఇచ్చారు కూడా. ఎవరు తీసుకోవచ్చు, ఎవరు తీసుకోకూడదు అని ప్రభుత్వమే గీత గీసింది. ఆ గీత దాటవద్దనే నేనంటున్నది.

మూడోది: "పాపం, ఆ పిల్లోణ్ణి ఏం అంటావు?" ఇది అత్తమ్మ వాదన. నన్ను నిజంగా ఆపింది ఇదొక్కటే. ఆ పిల్లోడు ఏ దేవరకొండ వైపు నుంచో, ఏ అచ్చంపేట నుంచో వచ్చి, పొద్దంతా పొగలో నిలబడి జీతం తీసుకునేవాడు అయి ఉంటాడు. రోజుకు వంద మంది తిట్లు తింటాడు. తిట్టిన వాళ్ళ కోపం పైకి ఒక్క మెట్టు కూడా ఎక్కదు, అతని దగ్గరే ఆగిపోతుంది. అందుకే అతన్ని అక్కడ నిలబెట్టింది. కాబట్టి అతనితో కొట్లాడకండి. నేను కూడా ఒక్క మాట అనలేదు. కొట్లాట అతని వెనకాల ఉన్నవాళ్ళతో.

మరి ఆ వెనకాల ఉన్నది ఎవరు?

ఇక్కడ నా బీఏ తెలుగు పనికొచ్చింది. ఇన్నాళ్ళకు! గేటు దగ్గర బోర్డు మీద రెండు వాక్యాలు ఉన్నాయి. ఒకటి, "పార్కింగ్ రుసుము వసూలు చేయబడును." రెండోది, "వాహనములకు, అందులోని వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు." కాలేజీలో కర్తరి, కర్మణి ప్రయోగాలు బట్టీ పట్టినప్పుడు ఇవి జీవితంలో ఎందుకు పనికొస్తాయా అనుకునేదాన్ని. చూడండి మరి. డబ్బు తీసుకునే వాక్యంలో కర్త లేడు. "చేయబడును" అట. ఎవరి చేత? తెలియదు. బాధ్యత వదిలించుకునే వాక్యంలో మాత్రం "యాజమాన్యం" అని కర్త దర్జాగా వచ్చి కూర్చున్నాడు!

మా ఆయన ఫోన్‌లో చూస్తే డబ్బు పోయింది మాల్ పేరు మీద కాదు, ఎవరిదో ఏజెన్సీ పేరు మీద. మాల్‌కు మెయిల్ రాస్తే "పార్కింగ్ కాంట్రాక్టుకు ఇచ్చాం, వారిని అడగండి" అన్నారు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే "రేట్లు మాల్ వాళ్ళు చెప్పినవే" అన్నారు. కర్త కోసం వెతుకుతూ నేను వారం రోజులు తిరిగాను.

ఆ రెండో వాక్యం గురించి కూడా ఒక మాట. "బాధ్యత వహించదు" అని అచ్చు వేసుకుంటే బాధ్యత పోతుందా? 1998లో ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్‌లో ఒకాయన తన మారుతి జెన్ కారు తాళం హోటల్ సిబ్బంది చేతికిచ్చి లోపలికి పోయాడు. ఇంకెవరో వచ్చి ఆ కారు ఎత్తుకుపోయారు. చీటీ మీద "మీ పూచీ మీదే" అని రాసి ఉందని హోటల్ వాదించింది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. బండి అప్పగించుకున్నాక నిర్లక్ష్యం చేస్తే చీటీ మీది అచ్చు కాపాడదన్నది. అది తాళం చేతికిచ్చిన కేసు. మనంతట మనం బండి పెట్టుకునే చోటికి అచ్చంగా వర్తిస్తుందని నేననను. కానీ అచ్చయిన ప్రతి వాక్యమూ చట్టం కాదని మాత్రం అది మనకు చెప్తుంది.

ఇక నాలుగో వాదన: "మనం ఒక్కరం అడిగితే మారుతుందా?" దీనికి జవాబు దూరం పోనక్కర్లేదు. మన గుట్టకు పోదాం.

2022లో యాదగిరిగుట్ట ఆలయం కొత్తగా కట్టి మార్చిలో తెరిచారు. మే 1 నుంచి కొండ మీదికి కార్లు పోనిస్తామన్నారు. అయితే మొదటి గంటకు 500 రూపాయలు, ఆపైన ప్రతి గంటకు 100. టీవీలో ఆ వార్త వస్తుంటే మా అత్తమ్మ పప్పు గిన్నె కింద పెట్టి, "నర్సింహస్వామి అడిగిండా, మనుషులడిగిండ్రా?" అన్నది. బీఏ చదవకుండానే కర్త ఎవరని అడిగింది మహాతల్లి! ఆ ప్రశ్నే రాష్ట్రమంతా అడిగింది. ఒకటి రెండు రోజుల్లోనే గంటకు 100 అన్న నిబంధన ఎత్తేశారు. అడిగితే మారింది కదా? అయితే రెండో సగం కూడా చెప్పాలి. 500 అట్లనే ఉంచారు. నూరు పోయిందని మనం సంబరపడి ఇళ్ళకు వెళ్ళిపోయాం, ఐదు వందల గురించి అడగడం మరిచిపోయాం. సగం అడిగితే సగమే మారుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది మాల్ వాళ్ళ గురించి కాదు, మన గురించి.

మన ఆడవాళ్ళకు అడగడం చేతకాదా? ప్రకాశం బజార్‌లో కొత్తిమీర కట్ట పదిహేను అంటే పది చెయ్యమని పది నిమిషాలు నిలబడతాం. ఎండలో గంప పెట్టుకుని కూర్చున్న ఆమె దగ్గర ఐదు రూపాయలు తగ్గించుకుని గెలిచినట్టు ఇంటికి వస్తాం. నేనూ అంతే. అదే మనం, ఏసీ మాల్ గేటు దగ్గర అచ్చు బోర్డు కనబడగానే నోరు మూసుకుని అరవై కట్టేస్తాం. ఆమె ఐదు రూపాయలు న్యాయంగా అడిగింది, వీళ్ళు అరవై అన్యాయంగా అడిగారు. మన ధైర్యం మనకంటే లేనివాళ్ళ ముందే లేస్తుంది. ఈ సంగతి తట్టిన రోజు నాకు నిజంగా సిగ్గేసింది. ఆ వారం కొత్తిమీరకు బేరం ఆడలేదు.

అందుకే ఫిర్యాదు చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనే మాట్లాడొచ్చు. లోపలికి పోయేటప్పుడు ఇచ్చిన చీటీ బయట తీసేసుకున్నారు గానీ, బండి ఏ అంతస్తులో పెట్టామో మరిచిపోతామని మా అమ్మాయి దాన్ని ఫోటో తీసుకుంది. అందులో టైము ఉంది. షర్టు బిల్లు, డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్, ఈ ఫోటో, మూడూ జత చేశాను. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. అప్పటిదాకా ఒకరి మీద ఒకరు చెప్పుకున్నవాళ్ళు పద్దెనిమిదో రోజున అరవై రూపాయలు తిరిగి పంపారు. క్షమించమని రాయలేదు, "మీ సౌకర్యార్థం" అని రాశారు. కర్త మళ్ళీ లేడు!

తిరిగి ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవాలనే అనుకున్నాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, హైదరాబాద్ దాకా తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్ళ లోపు వేయాలి. డబ్బు తీసుకుని రసీదు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే. మాల్ అనే కాదు, ఆస్పత్రి అయినా ఫంక్షన్ హాల్ అయినా పార్కింగ్ డబ్బు అడిగితే రసీదు అడగండి. మనిషిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి లోపలికి తీసుకుపోతున్నప్పుడు ఎవరూ గొడవ పడరని తెలిసే ఆస్పత్రి గేటు దగ్గర చీటీ లేని వసూళ్ళు నడుస్తాయి. ఆ పూట అడగలేకపోతే తప్పు లేదు. చీటీ దాచుకోండి, మనసు కుదుటపడ్డాక అడగండి.

మరి అరవై రూపాయలు ఏం చేశానంటారా? మా ఆయన "పద్దెనిమిది రోజుల జీతం" అని ఎగతాళి చేశాడు. చేస్తే చేశాడు గానీ, మొన్న పెళ్ళి పత్రికలు పంచడానికి మళ్ళీ హైదరాబాద్ పోయినప్పుడు ఇంకో మాల్‌లో బండి దిగకముందే టైము చూసుకున్నాడు. బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర పిల్లోడు నోరు తెరవకముందే బిల్లు చూపించి, "తమ్మీ, నలభై నిమిషాలే అయింది" అన్నాడు. ఆ పిల్లోడు బిల్లు వైపు, మా వైపు చూసి, ఏమీ అనకుండా గేటు ఎత్తాడు.

వెనక హారన్లు అప్పుడూ మోగుతూనే ఉన్నాయి. ఈసారి మా ఆయన నా వైపు చూడలేదు.

మీరు ఎక్కడెక్కడ ఇట్లా "పోనీలే" అనుకుని కట్టేశారో ఒకసారి గుర్తు చేసుకోండి. చీటీలు ఉంటే వెతకండి. రెండేళ్ళ టైముంది.