గుమ్మమున దేవరాట్టము, వేదికపై సినిమాపాట

పంగుని మాసము సమీపించినది. విరుదునగరులో మారియమ్మవారి పొంగలి, దానితోపాటు వస్తుప్రదర్శనము. కోవిల్‌పట్టిలో శెణ్బగవల్లి అమ్మవారి తేరు. ఆ నడుమనే మన యుగాది సభలు. మే నెలలో పాంచాలంకురిచ్చి వీరసక్కదేవి కొలువు. వేదిక యెవరికి, దీపాలంకార మెవరికి, విస్తళ్ళెన్ని యని సంఘముల కార్యవర్గములవారు లెక్కలు వేయుచుండు దినములివి. బయానాలు చేతులు మారకముందే ఒక మాట చెప్పవలసి యున్నది.

పోయిన యేట ఒక ఊరి యుగాది సభ చూచితిమి. ఊరి పేరు చెప్పము. చెప్పినచో తక్కిన ఊళ్ళవారు తప్పించుకొందురు. దేవరాట్టము ఆడువారు పల్లెనుండి వచ్చి, గజ్జెలు కట్టి, చేతిరుమాళ్ళు పట్టి, ఎండలో మండపద్వారమున నిలిచిరి. ముఖ్య అతిథి కారు వచ్చినది. దుందుభి మ్రోగినది, అయిదు నిమిషములు అడుగులు పడినవి, అతిథి మెడలో దండ పడగానే "చాలు, చాలు" అని సైగ యైనది. లోపల వేదికపై మాత్రము నాలుగు గంటలసేపు మధురనుండి వచ్చిన సినిమాపాటల నృత్యబృందము, చెన్నపట్టణపు టెలివిజను హాస్యగాడొకడు, హైదరాబాదు గాయని యొకతె. దేవరాట్టమువారికి దక్కినది బస్సుచార్జీయు, రెండవ పంక్తిలో భోజనమును.

"ఎదురుకోలునకు పుట్టిన ఆటయే కదా, గుమ్మమున నిలిపిన తప్పేమి?" అని ఒక కార్యదర్శిగారు మమ్ము అడిగిరి. యుద్ధమునుండి గెలిచి వచ్చు రాజు నెదుర్కొని ఆడిన ఆట యని పెద్దలు చెప్పుట నిజమే. కాని రాజులు పోయి రెండు వందల యేండ్లు దాటినను ఆట పోలేదు. పెండ్లి పందిటిలో నిలిచినది, దేవర కొలువులో నిలిచినది. ఇది పాట లేని ఆట; ఉఱుమి దరువే దానికి మాట. దరువు మాఱగానే అడుగు మాఱవలెను, ముందువాని కాలు చూచి వెనుకవాని కాలు కదలవలెను. మెల్లగా మొదలై కాలము గడచినకొలది వేగమందుకొనును. దీనిని అయిదు నిమిషములు చూచి లేచుట యనగా కచేరీకి పోయి శ్రుతి సరిచేయుట మాత్రము విని ఇంటికి వచ్చుటయే. నేడు తమిళనాటి పాఠశాలలలో, కళాశాలలలో అన్ని కులముల పిల్లలును దీనిని నేర్చి పోటీలలో ఆడుచున్నారు. అందుకు సంతోషింపవలసినదే. (2019లో ఆ పేరుతో ఒక తమిళ చలనచిత్రమును వచ్చినది, అది కొట్లాటల కథ.) పరుల బిడ్డలు వేదికపై ఆడుచుండగా మన బిడ్డలు మన గుమ్మమున నిలుచుట యేమి న్యాయము?

ఆట సంగతి అటుండనిండు, మాట సంగతి మఱింత గడ్డు. ఈ పత్రికను అక్షరము కూడి చదువగలవారు ఇంటికొక్కరుండుట అరుదు. ఆ ఒక్కరు చదువగా తక్కినవారు విందురని మేమెఱుగుదుము. 2006 నాటి తమిళ అధ్యయన చట్టముతో తమిళము విధిపాఠమైన పిదప బడిలో తెలుగు నేర్చు త్రోవ మఱింత ఇరుకైనది. చదువు లేని భాషకు చెవియే ఆధారము. చెవికి భాష నిచ్చునది ఇంటి వాకిలి, దాని తరువాత వేదిక. అట్టి వేదికను రెండు భాషలకు ధారపోయుచున్నాము: ఒకటి సినిమా తమిళము, రెండవది మన పిల్లలకు సగమును అర్థము కాని హైదరాబాదు తెలుగు. మన ఇండ్లలో "కూడు తింటివా?" అని తల్లి అడిగిన మాటను ఆ హాస్యగాండ్రు వేదికపై వెక్కిరించినచో మనమే ముందుగా నవ్వుచున్నాము! ఆ మాట మోటది కాదు. కొన్ని వందల యేండ్లు ఈ నల్లరేగడిలో మోసుకొని తిరిగిన మాట.

నాటకమాడుటకు మన కేమున్నదని అడుగువారు కలరు. కయత్తాఱు మనకెంత దూరము? 1799 అక్టోబరు 16న అక్కడ ఉరితీయబడిన కట్టబొమ్ముడు ఇంట తెలుగు పలికినవాడే. శక్తి కృష్ణసామి వ్రాయగా శివాజీ గణేశన్ ఆ కథను 1957లో నాటకముగా ఆడెను, 1959లో బి.ఆర్. పంతులు దానిని చలనచిత్రముగా తీసెను. తమిళులను తప్పుపట్టనక్కరలేదు. వారు వ్రాసికొనిరి, ఆడిరి, లోకమునకు చూపిరి. మనము వ్రాసిన దేది?

వలసకథ మనవద్ద లేకపోలేదు. ఇడైశెవల్ గ్రామమున తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ "గోపల్ల గ్రామము" అను నవలలో మన పూర్వులు పారివచ్చి అడవి గొట్టి ఊరు కట్టిన తీరును తమిళమున వ్రాసిరి. దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. 2021లో ఆయన గతించిన తరువాత కోవిల్‌పట్టిలో స్మారకమందిరమును వెలసినది. వెన్నంటి వచ్చు శత్రువు, ఎదుట వఱదలో నున్న ఏఱు, వంగి వంతెనయైన గానుగుచెట్టు: ఇంతకంటె వేదికకు కావలసిన దేమి? ఆ ఘట్టమును ఇంటితెలుగులో ఆడించిన సంఘమును మేమింతవఱకు చూడలేదు.

తంజావూరు సీమలోని మెలట్టూరు చుట్టును తమిళమే. అయినను వేంకటరామశాస్త్రి వ్రాసిన తెలుగు ప్రహ్లాదచరిత్రమును ప్రతియేట నరసింహ జయంతి దినములలో అక్కడ భాగవతమేళముగా ఆడుచునే యున్నారు. ఉద్యోగములకై పలు నగరములకు పోయిన పురుషులు ఆ రాత్రులకు ఊరు చేరి వేషము కట్టుదురు. ఇక మన ఎట్టయపురము 1904లో సుబ్బరామ దీక్షితుల "సంగీత సంప్రదాయ ప్రదర్శిని"ని తెలుగు లిపిలో అచ్చొత్తిన ఊరు. అట్టి సీమలో తెలుగు నాటకము చెల్లదనుట సోమరితనమే.

కూచిపూడి వలదనము. 1963లో వెంపటి చినసత్యముగారు మదరాసులో అకాడమీ నెలకొల్పినది మొదలు అది తమిళనాటను వేళ్ళూనినది. అయితే ఇరువది నిమిషముల కూచిపూడితో "తెలుగు కార్యక్రమము ముగిసినది" అని అచ్చొత్తుట మాత్రము తగదు.

మఱియొక మాట, కొందఱికి చేదుగా నుండును. ఈ పల్లెలలో అరుంధతీయుల యిండ్లలో పెక్కింట తెలుగే యింటిభాష. ఉఱుమి మ్రోతయు, తప్పెట దెబ్బయు వారెఱిగినంతగా మన కార్యదర్శు లెఱుగరు. తెలుగు సంఘమని పేరు పెట్టుకొని వారిని సభ్యులుగా పిలువని సంఘములెన్ని కలవో ఎవరి పట్టిక వారు తీసి చూచుకొనవచ్చును.

అడుగుచున్నది ఎక్కువ కాదు. ఈ యేటి సభలలో దేవరాట్టమునకు దీపములు వెలిగిన పిదప వేదికపై ఒక పూర్తి గంట. ఊరివారే వ్రాసి ఊరివారే ఆడు ఇంటితెలుగు ప్రహసనమునకు అరగంట. ఆడినవారికిని వాయించినవారికిని మధుర బృందమునకిచ్చు పారితోషికములో కనీసము సగము, మొదటి పంక్తిలో విస్తరి. సినిమాపాటలకు ఆపై ఎంత మిగిలిన అంత. జమీన్ కోడంగిపట్టి ఆటగాండ్రకు జాబు వ్రాయుటకు ఇంకను వ్యవధి యున్నది.